జలదుర్గం నుంచి జనోద్యానానికి: న్యూయార్క్ గవర్నర్స్ ద్వీపం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

న్యూయార్క్ రేవులోని గవర్నర్స్ ద్వీపం సుమారు రెండు శతాబ్దాలపాటు సైనిక స్థావరంగా ఉండి, 2003 తరువాత ప్రజోద్యానంగా, సాంస్కృతిక వేదికగా రూపుదిద్దుకుంది. ఈ మార్పు సైన్యం తరలిపోయినంత మాత్రాన దానంతటదే జరిగినది కాదు. భూమి యాజమాన్యాన్ని నిర్ణయించిన దస్తావేజు, అందులోని నిబంధనలు, వేటిని కూల్చాలి వేటిని నిలపాలి అన్న నిర్ణయాలు ఈ మార్పుకు మూలమయ్యాయి. ద్వీపానికి కాలక్రమంలో వచ్చిన పేర్లు, నేల విస్తరించిన తీరు, యాజమాన్యపు హక్కు చేతులు మారిన క్రమం అన్న మూడు అంశాల ఆధారంగా ఈ పరిణామాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గవర్నర్స్ ద్వీపం, జలదుర్గం, స్థలనామాలు, ప్రజాస్థలం, వారసత్వ పరిరక్షణ, సాంస్కృతిక వేదిక.

1. ఉపోద్ఘాతం:

కౌటిల్యుని అర్థశాస్త్రం దుర్గాలను ఔదక, పార్వత, ధాన్వన, వన దుర్గాలని నాలుగు విధాలుగా విభజించింది. నీటి నడుమ ఉన్న ద్వీపం ఔదకదుర్గానికి చక్కని ఉదాహరణ. శత్రువు రాకను దూరం నుంచే పసిగట్టడానికీ, రాకపోకలను అదుపులో ఉంచడానికీ నీరే ప్రాకారంగా పనిచేస్తుంది. అయితే అదే నీరు సామాన్యులను కూడా దూరంగా ఉంచుతుంది. కాబట్టి దుర్గం అవసరం తీరిన తరువాత అటువంటి ద్వీపం ఎవరిది కావాలి, ఎందుకు వినియోగపడాలి అన్న ప్రశ్న తలెత్తుతుంది.

ఈ ప్రశ్నకు న్యూయార్క్ నగరం వెదుకుతున్న సమాధానం గవర్నర్స్ ద్వీపంలో కనిపిస్తుంది. మన్‌హాటన్ దక్షిణాగ్రానికి సుమారు 800 గజాల దూరంలో, బ్రూక్లిన్ తీరం నుంచి బటర్‌మిల్క్ ఛానెల్ అనే సన్నని జలమార్గంతో వేరుపడి ఈ ద్వీపం ఉంది. దీని విస్తీర్ణం 172 ఎకరాలు. ప్రపంచంలో అత్యంత ఖరీదైన భూములకు ఇంత చేరువలో ఉన్నా ఇక్కడ ఆకాశహర్మ్యాలు లేవు, సొంత ఇళ్ళు లేవు, సందర్శకుల కార్లు తిరగవు. ఇందుకు దారితీసిన కారణాలను అర్థం చేసుకోవడానికి ముందుగా ద్వీపం పేర్లను పరిశీలించాలి.

2. పేర్లలో నిక్షిప్తమైన చరిత్ర:

ఒక ప్రదేశానికి కాలక్రమంలో వచ్చిన పేర్లను వరుసగా పరిశీలిస్తే దాని మీద ఎవరి అధికారం ఎప్పుడు నడిచిందో తెలుస్తుందని స్థలనామ పరిశోధన నిరూపించింది. గవర్నర్స్ ద్వీపం విషయంలోనూ ఇది వర్తిస్తుంది. ఈ ప్రాంతపు మూలవాసులైన లెనాపే ప్రజలు దీనిని పగ్గాంక్ అని పిలిచారు. ఇక్కడ విరివిగా పెరిగిన గింజకాయల చెట్లను బట్టి ఆ పేరు ఏర్పడింది. 17వ శతాబ్దంలో వచ్చిన డచ్చివారు అదే అర్థాన్ని తమ భాషలోకి తెచ్చుకొని నోటెన్ ఐలాండ్ట్ అన్నారు. ఇంగ్లీషువారి నోట అది నట్టెన్ ఐలాండ్ అయింది. పేరు ధ్వని మారినా, ఈ దశ వరకు పేరుకు ఆధారం అక్కడి చెట్టే.

1624లో న్యూ నెదర్లాండ్‌కు వచ్చిన డచ్చి వలసదారుల తొలి బృందం దిగిన చోటుగా ఈ ద్వీపం ప్రసిద్ధి పొందింది. 1637లో ఆ వలసరాజ్యపు పాలనాధికారి వౌటర్ వాన్ ట్విల్లర్ దీనిని లెనాపేల నుంచి కొన్నాడు. రెండు గొడ్డలి తలలు, ఒక పూసల దండ, గుప్పెడు ఇనుప మేకులు దానికి చెల్లించిన వెలగా చెబుతారు. భూమిని వ్యక్తిగత ఆస్తిగా భావించే సమాజానికీ, అలా భావించని సమాజానికీ మధ్య జరిగిన ఇటువంటి లావాదేవీని నేటి అర్థంలో కొనుగోలు అనడం కష్టం.

1664లో ఇంగ్లీషువారు న్యూ నెదర్లాండ్‌ను వశపరచుకున్నారు. 1698లో వలసరాజ్య శాసనసభ ఈ ద్వీపాన్ని రాజప్రతినిధులైన గవర్నర్ల వినియోగానికి కేటాయించింది. దానితో చెట్టును బట్టి వచ్చిన పేరు పోయి, పదవిని బట్టి వచ్చిన పేరు వ్యాప్తిలోకి వచ్చింది. బ్రిటిష్ సేనలు న్యూయార్క్‌ను విడిచిపోయిన మరుసటి ఏడు, అంటే 1784లో, ఈ పేరే అధికారికంగా స్థిరపడడం గమనార్హం. పాలకులు పోయినా పదవి పేరు మిగిలింది.

3. దుర్గ నిర్మాణం:

అమెరికా స్వాతంత్ర్య సమరకాలంలో ఈ ద్వీపపు సైనిక ప్రాధాన్యం స్పష్టమైంది. 1776 ఏప్రిల్‌లో జనరల్ ఇజ్రాయెల్ పుట్నమ్ నాయకత్వంలోని సేనలు ఇక్కడ మట్టికట్టలు పోసి ఫిరంగులు నిలిపాయి. ఆ ఏడాది ఆగస్టులో బ్రూక్లిన్ పోరాటంలో వాషింగ్టన్ సేన ఓడి వెనుదిరిగాక ద్వీపం బ్రిటిష్‌వారి వశమైంది. 1783 వరకు అది వారి చేతిలోనే ఉంది.

స్వాతంత్ర్యానంతరం ఐరోపా యుద్ధాల నీడ అమెరికా రేవుల మీద పడడంతో 1794లో ఇక్కడ కోట నిర్మాణం ప్రారంభమైంది. న్యూయార్క్ గవర్నరుగా పనిచేసిన జాన్ జే పేరు మీదుగా దీనిని ఫోర్ట్ జే అన్నారు. 1800లో ద్వీపం ఫెడరల్ ప్రభుత్వానికి దఖలుపడింది. తరువాతి దశాబ్దంలో కోటను తిరిగి కట్టినప్పుడు దాని పేరు ఫోర్ట్ కొలంబస్‌గా మారి, 1904లో మళ్ళీ ఫోర్ట్ జే అయింది. నాలుగు బురుజులతో, నీరు లేని కందకంతో, నక్షత్రాకారంలో ఉన్న ఈ కోట నేటికీ ద్వీపంలోని ఎత్తైన సహజభూమి మీద నిలిచి ఉంది.

1807 - 1811 మధ్య ద్వీపపు వాయవ్య కోణంలో కాజిల్ విలియమ్స్ వెలిసింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ బంధువు, వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయానికి తొలి అధిపతి అయిన జోనథన్ విలియమ్స్ దీనికి రూపకర్త. ఎర్రని ఇసుకరాతితో కట్టిన ఈ గుండ్రని కోట సుమారు 40 అడుగుల ఎత్తు, 200 అడుగుల వ్యాసం కలది. గోడలలోనే అంతస్తుల వారీగా గదులు అమర్చి, ప్రతి గదికీ ఫిరంగి రంధ్రం పెట్టడం ఇందులోని విశేషం. దీనికి ఎదురుగా మన్‌హాటన్ కొనలో కాజిల్ క్లింటన్, బెడ్లోస్ ద్వీపంలో ఫోర్ట్ వుడ్, ఎల్లిస్ ద్వీపంలో ఫోర్ట్ గిబ్సన్ లేచాయి. ఇవన్నీ కలిసి రేవుకు ఒకే రక్షణ వలయంగా ఏర్పడ్డాయి. 1812 యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం న్యూయార్క్ మీద దాడికి దిగలేదు. ఈ కోటల ఫిరంగులకు శత్రునౌకపై పేలవలసిన అవసరమే రాలేదు.

4. కోట నుంచి చెరసాలకు:

19వ శతాబ్ది మధ్యభాగానికి ఫిరంగుల పరిజ్ఞానం మారిపోయింది. గొట్టం లోపల మరలు చెక్కిన కొత్త ఫిరంగులు రాతిగోడలను దూరం నుంచే బద్దలు కొట్టగలిగాయి. దానితో ఈ తరహా కోటలన్నీ కాలంచెల్లినవయ్యాయి. శత్రువును బయట నిలిపే గోడలు ఆపై మనుషులను లోపల బంధించడానికి ఉపయోగపడ్డాయి. అంతర్యుద్ధ కాలంలో కాజిల్ విలియమ్స్‌లో దక్షిణాది రాష్ట్రాల సైనికులు బందీలుగా ఉన్నారు. అనంతరం అది సైనిక జైలుగా మారి, 1960ల మధ్య వరకు అలాగే కొనసాగింది. ఉద్యానానికి వచ్చే సందర్శకుడు ఈ కోటను దుర్గంగానే చూస్తాడు కానీ, అది చెరసాలగా గడిపిన కాలం దుర్గంగా గడిపిన కాలం కంటె ఎక్కువ.

1878లో ద్వీపం సైన్యానికి ప్రధాన పరిపాలనా కేంద్రాలలో ఒకటయింది. నోలన్ పార్క్, కర్నల్స్ రో అనే వీథులలో అధికారుల నివాసాలు, చెట్లనీడన కవాతు మైదానం ఏర్పడ్డాయి. 1930లో మెకిమ్, మీడ్ అండ్ వైట్ సంస్థ రూపకల్పనతో లిగెట్ హాల్ పూర్తయింది. ఒక పూర్తి రెజిమెంటుకు వసతి కల్పించే ఈ భవనం వెయ్యి అడుగులకు పైగా పొడవుతో ద్వీపం నడుమ అడ్డుగోడలా నిలిచింది. ఉత్తరాన ఉన్న పాత స్థావరాన్ని దక్షిణాన ఉన్న కొత్త నేల నుంచి వేరుచేసే రేఖ నేటికీ ఇదే.

5. నేల పెరిగిన తీరు:

ఇక్కడ కొత్త నేల అనడం అలంకారం కాదు. 20వ శతాబ్ది ఆరంభం వరకు ద్వీప విస్తీర్ణం 69 ఎకరాలు మాత్రమే. 1901 - 1912 మధ్య సుమారు 48 లక్షల ఘనపు గజాల మట్టి, రాయి పోసి దక్షిణాన 103 ఎకరాలు కలిపారు. ఆ పూడికలో ప్రధానభాగం లెక్సింగ్టన్ అవెన్యూ భూగర్భ రైలుమార్గం తవ్వకంలో వచ్చినదే. అంటే మన్‌హాటన్ వీథుల కిందనుంచి తీసిన మట్టితో ఈ ద్వీపం సగానికి పైగా నిర్మితమైంది.

ఈ నేల ఇంకా చదునుగా, ఖాళీగా ఉన్న రోజులలోనే, 1909 హడ్సన్ - ఫుల్టన్ ఉత్సవాలలో విల్బర్ రైట్ ఇక్కడి నుంచి విమానం ఎగరవేశాడు. లిబర్టీ విగ్రహాన్ని చుట్టివచ్చి, మరొక పర్యాయం హడ్సన్ నది వెంట జనరల్ గ్రాంట్ సమాధి వరకు వెళ్ళి తిరిగివచ్చాడు. నీటిలో దిగవలసి వస్తే తేలడానికి వీలుగా విమానం కింద ఒక చిన్న పడవను కట్టుకోవడం ఆనాటి సాహసానికీ, జాగ్రత్తకూ నిదర్శనం. మొదటి ప్రపంచయుద్ధంలో ఈ కొత్త నేల అంతా గిడ్డంగులతో నిండిపోయింది.

6. ఒక డాలరు దస్తావేజు:

1966లో సైన్యం వెళ్ళిపోగా ద్వీపం కోస్ట్ గార్డ్ అధీనంలోకి వచ్చింది. ఆ దళానికి ఇది అతిపెద్ద స్థావరం. కుటుంబాలతో సహా సుమారు 3,500 మంది నివసించారు. బడి, సినిమాహాలు, ప్రార్థనామందిరాలతో ఇది ఒక చిన్న ఊరిలా ఉండేది. అయితే ఆ ఊరికి బయటివారికి ప్రవేశం లేదు. 1988 డిసెంబరులో రీగన్, గోర్బచెవ్‌ల సమావేశానికి, 1993లో హైతీ ఒప్పందానికి ద్వీపం వేదికైంది. ఆ ఘట్టాలను నగరవాసులు సైతం వార్తలలోనే చూడగలిగారు.

ఖర్చు తగ్గింపులో భాగంగా 1996లో స్థావరం మూతపడింది. 1997 నాటి బడ్జెట్ చట్టం ద్వీపాన్ని మార్కెట్ ధరకు అమ్మాలని నిర్దేశించింది. తొలి అవకాశం రాష్ట్రానికీ నగరానికీ ఇవ్వాలన్నది అందులోని నియమం. ఈ దశలో ద్వీపం విలాసభవనాల పాలయ్యే అవకాశం లేకపోలేదు. 2001 జనవరిలో అధ్యక్షుడు క్లింటన్ రెండు కోటలనూ వాటి పరిసరాలనూ జాతీయ స్మారకంగా ప్రకటించాడు. సుదీర్ఘ సంప్రదింపుల అనంతరం 2003 జనవరి 31న 22 ఎకరాలు జాతీయ ఉద్యానవనాల విభాగానికి, తక్కిన 150 ఎకరాలు న్యూయార్క్‌కు సంక్రమించాయి. ఆ 150 ఎకరాలకు నామమాత్రంగా నిర్ణయించిన వెల ఒక డాలరు.

వెల కంటె దస్తావేజులోని నిబంధనలు ముఖ్యమైనవి. వాటి ప్రకారం ద్వీపంలో శాశ్వత నివాసగృహాలు కట్టరాదు, జూదశాలలు నడపరాదు. నిర్ణీత భాగాన్ని ఉద్యానానికి, విద్యకు, ఇతర ప్రజాప్రయోజనాలకు కేటాయించాలి. 1637లో గుప్పెడు మేకుల వెలకు ద్వీపం మూలవాసుల చేతి నుంచి జారిపోయింది. 2003లో అంతే నామమాత్రపు వెలకు అది ప్రజల అధీనంలోకి వచ్చింది. రెండు సందర్భాలలోనూ భూమి విలువకూ చెల్లించిన వెలకూ పొంతన లేదు. కాగా రెండవ సందర్భంలో భూమితోపాటు బాధ్యత కూడా చేతులు మారింది. ఈ బాధ్యతను రాతపూర్వకంగా నిర్ణయించడం వల్లనే ద్వీపం ప్రజాస్థలంగా నిలవగలిగింది. 2010లో నగర ప్రభుత్వం పూర్తి బాధ్యత స్వీకరించి, నిర్వహణ కోసం ఒక ట్రస్టును ఏర్పరచింది.

7. ఉద్యాన రూపకల్పన:

2007లో జరిగిన రూపకల్పన పోటీలో నెదర్లాండ్స్‌కు చెందిన వెస్ట్ 8 సంస్థ ఎంపికైంది. ఉత్తరభాగంలోని చారిత్రక కట్టడాలను యథాతథంగా నిలిపి, దక్షిణభాగంలో శిథిలమైన భవనాలను తొలగించి ఉద్యానం నిర్మించాలన్నది ప్రణాళిక. 2014లో మొదటి 30 ఎకరాలు, 2016 జూలైలో 'హిల్స్' అనే 10 ఎకరాల కొండల భాగం ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి.

ఈ కొండలు నాలుగు. వాటి ఎత్తు 25 నుంచి 70 అడుగుల వరకు ఉంది. కూల్చిన భవనాల, వాహనస్థలాల శిథిలాలను పొడిచేసి వీటి గర్భంలో నింపారు. పాత సముద్రపు గోడ నుంచి తీసిన గ్రానైట్ దిమ్మెలను ఎత్తైన కొండకు మెట్లుగా పేర్చారు. భూగర్భ మార్గపు మట్టితో నేల విస్తరించినట్లే, శతాబ్దం తరువాత సైనిక నివాసాల శిథిలాలతో నేల ఎత్తు పెరిగింది. ఇది కేవలం సౌందర్యం కోసం చేసినది కాదు. చదునైన పూడికనేల సముద్రమట్టానికి ఎక్కువ ఎత్తులో లేదు. వరదనీటికి, ఉప్పునీటికి చెట్ల వేళ్ళు అందకుండా నేలను లేపాలన్న ఆలోచన ప్రణాళికలో మొదటినుంచీ ఉంది. 2012 అక్టోబరులో శాండీ తుపాను న్యూయార్క్ రేవును ముంచెత్తడం ఆ ఆలోచన ఎంత అవసరమో తెలియజేసింది.

కొండ శిఖరం నుంచి లిబర్టీ విగ్రహం, రేవు మొత్తం కనిపిస్తాయి. శత్రునౌకల కోసం ఇక్కడి నుంచే ఒకనాడు కాపలా కాశారు. చూపు అదే, చూసే ప్రయోజనం మారింది.

8. సాంస్కృతిక వేదికగా ద్వీపం:

కట్టడాలను కాపాడడం వేరు, వాటిలో జీవం నింపడం వేరు. నివాసం నిషిద్ధమైన చోట ఖాళీ ఇళ్ళను ఏం చేయాలన్న సమస్యకు కళలు ఒక పరిష్కారం చూపాయి. నోలన్ పార్క్, కర్నల్స్ రో ఇళ్ళను కళాసంస్థలకు, విద్యాసంస్థలకు రుతువుల వారీగా కేటాయించారు. అధికారుల కుటుంబాలు భోజనం చేసిన గదులలో చిత్రప్రదర్శనలు, వాకిళ్ళలో సంగీతసభలు జరిగాయి. 2009లో క్రియేటివ్ టైమ్ సంస్థ ద్వీపమంతటా సమకాలీన కళాఖండాలను నెలకొల్పింది. 1920ల నాటి సంగీతనృత్యాలను గుర్తుచేసే జాజ్ ఏజ్ లాన్ పార్టీ ఏటా వేసవిలో జనాన్ని ఆకర్షిస్తోంది. 2019లో లోయర్ మన్‌హాటన్ కల్చరల్ కౌన్సిల్ పూర్వపు ఆయుధ గిడ్డంగిని కళాకేంద్రంగా మార్చింది.

కొండల మధ్య బ్రిటిష్ శిల్పి రేచల్ వైట్‌రీడ్ రూపొందించిన 'క్యాబిన్' ఉంది. కొయ్యగుడిసె అచ్చును తిరగవేసి కాంక్రీటులో పోసిన ఈ శిల్పం లోపలికి ఎవరూ వెళ్ళలేరు. మనుషులు నివసించి వెళ్ళిపోయిన ద్వీపంలో, నివసించడానికి వీలులేని ఇల్లు అర్థవంతంగా అమరింది.

విద్య విషయానికి వస్తే, 2010లో న్యూయార్క్ హార్బర్ స్కూల్ అనే ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఇక్కడికి తరలివచ్చింది. విద్యార్థులు సాధారణ పాఠాలతోపాటు పడవల నిర్మాణం, నీటి అడుగున ఈత, జలచరాల పెంపకం నేర్చుకుంటారు. రేవులో అంతరించిన ఆల్చిప్పలను పునరుద్ధరించే బిలియన్ ఆయిస్టర్ ప్రాజెక్ట్ ఈ పాఠశాలతో ముడిపడి సాగుతోంది. శత్రునౌకలను ఆపడానికి కాపలా కాసిన నీటిని బాగుచేయడం ఇక్కడి పిల్లలకు పాఠ్యాంశమైంది.

9. తీరని చర్చలు:

ఈ మార్పు సమస్యలకు అతీతం కాదు. ఫిరంగుల కోటకైనా పచ్చికబయలుకైనా నిర్వహణ వ్యయం తప్పదు. మనుషులు, సరకులు, తినుబండారాలు అన్నీ పడవ మీదనే రావాలి. నివాసాలు నిషిద్ధం కావడం వల్ల ఇళ్ళ అమ్మకంతో ఆదాయం పొందే దారి లేదు. ఈ నేపథ్యంలో 2021లో నగర పాలకమండలి దక్షిణభాగంలో పెద్ద భవనాలకు వీలు కల్పిస్తూ భూవినియోగ నిబంధనలను సవరించింది. అదే ఏడాది ద్వీపం సంవత్సరం పొడవునా తెరిచి ఉంచే పద్ధతి మొదలైంది. 2023లో స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయం నేతృత్వంలోని వాతావరణ పరిశోధన కేంద్రం ఎంపికైంది. దాని అంచనా వ్యయం 70 కోట్ల డాలర్లు.

పరిశోధన కేంద్రం వల్ల ద్వీపానికి స్థిరమైన ఆదాయం, విద్యాప్రయోజనం కలుగుతాయన్నది నిర్వాహకుల వాదన. ఎత్తైన కట్టడాలు ఉద్యానపు స్వభావాన్ని, విశాలమైన దృశ్యాన్ని దెబ్బతీస్తాయన్నది పరిసర పౌరసంఘాల అభ్యంతరం. విద్య కూడా దస్తావేజు అంగీకరించిన ప్రజాప్రయోజనమే. కాబట్టి ఈ వివాదం ప్రజలకూ లాభార్జనకూ మధ్య తలెత్తినది మాత్రమే కాదు. ఒక ప్రజాప్రయోజనానికీ మరొక ప్రజాప్రయోజనానికీ మధ్య తలెత్తినది కూడా. ప్రజాస్థలాల అధ్యయనంలో ఈ రెండవ కోణమే క్లిష్టమైనది.

జ్ఞాపకానికి సంబంధించిన ప్రశ్న మరొకటి. కోటలకు జాతీయ గుర్తింపు లభించింది. బందీల కథ కోట గదులలో వినిపిస్తుంది. ద్వీపానికి తొలిపేరు పెట్టిన లెనాపేల కట్టడాలేవీ లేవు కనుక, కట్టడాల ఆధారంగా సాగే పరిరక్షణ వారిని సులభంగా విస్మరించగలదు. వారి ఉనికికి మిగిలిన ఆధారాలలో ముఖ్యమైనది పగ్గాంక్ అన్న పేరే.

10. ముగింపు:

సైనిక ద్వీపం ఉద్యానం కావడం ఒక ప్రకటనతో ముగిసే సంఘటన కాదని గవర్నర్స్ ద్వీప చరిత్ర తెలియజేస్తోంది. సైన్యం అధీనంలో ఉండడం వల్ల భూమి రెండు శతాబ్దాలు వ్యాపారానికి చిక్కలేదు. దస్తావేజు నిబంధనల వల్ల తరువాత కూడా చిక్కలేదు. మొదటిది యాదృచ్ఛిక రక్షణ, రెండవది ఉద్దేశపూర్వక రక్షణ. ఈ రెండింటికీ గల భేదాన్ని గుర్తించడం ఇటువంటి స్థలాల అధ్యయనంలో అవసరం.

మూతపడిన స్థావరాలు, కాలంచెల్లిన కోటలు, ఖాళీ అయిన రేవు గిడ్డంగులు అనేక దేశాలలో ఉన్నాయి. అటువంటి భూమి చేతులు మారే సమయంలో ఏమి రాసుకున్నారన్నదే దాని భవిష్యత్తును నిర్ణయిస్తుందని ఈ ఉదాహరణ వల్ల స్పష్టమవుతోంది. ఇక్కడ హక్కు మారింది, నేల మారింది, వినియోగం మారింది. పేరు మాత్రం మారలేదు. ఒకప్పుడు చెట్టు పేరుతో ఉండి, తరువాత పాలకుల పేరుకు మారిన ఈ ద్వీపానికి నేడు నిత్యం వచ్చిపోయే ప్రజలను సూచించే పేరు ఇంకా రాలేదు.